వాన జోస్యమునకు పరీక్ష



నెల్లూరు సీమలో సముద్రపుటొడ్డున నున్న రైతునకు వాన యేటేట రెండు మారులు ప్రశ్నగా నిలుచును. జ్యేష్ఠాషాఢములలో దేశమంతయు నైరృతి ఋతుపవనమునకై యెదురుచూచునప్పుడు వాడును ఎదురుచూచును. కాని వాని చేనిని నిలుపునది ముఖ్యముగా నా వాన గాదు. ఏటి వర్షములో సగమునకు మించిన భాగము ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు గాలితోను, వాయుగుండములతోను వచ్చును. మైపాడు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె మొదలగు రేవుల జాలరులకు ప్రాణభయము గూడ నా దినములలోనే. కావున "ఈ యేడు వాన యెట్లుండును? తుపాను వచ్చునా?" యను ప్రశ్నకు ఎవరైనను జవాబు చెప్పినప్పుడు, మనము వెంటనే మఱియొక ప్రశ్న వేయవలసి యున్నది. ఆ చెప్పిన పద్ధతిని ఏ యేండ్ల మీద పరీక్షించి చూచిరి? నేటి ప్రసంగము ఈ రెండవ ప్రశ్న యొక్క చరిత్రను గూర్చినది.

ఇప్పుడు కంప్యూటరుల సాయమున జోస్యము చెప్పువారు తమ చేతనున్న పూర్వపు లెక్కలను మూడు భాగములుగా విడదీయుదురు. మొదటి భాగముతో సూత్రమును తయారు చేయుదురు. దీనిని శిక్షణభాగ మనవచ్చును. తయారైన పలు సూత్రములలో నేది మేలో యెంచుటకు రెండవ భాగము. ఇది సరిచూచు భాగము. మూడవ దానిని మాత్రము మూటగట్టి యటుకమీద బెట్టి, సూత్రము పూర్తిగా స్థిరపడిన తరువాత నొక్కసారి విప్పి చూతురు, అది పరీక్షాభాగము. ట్రెయినింగు, వాలిడేషను, టెస్టింగు అని వీనికి వాడుకలోని పేళ్లు. బడిపంతులుకు ఇది బొత్తిగా క్రొత్త సంగతి గాదు. నల్లబల్లమీద చేసి చూపిన లెక్కలు మొదటివి. అర్ధసంవత్సర పరీక్ష రెండవది. ప్రభుత్వ పరీక్ష మూడవది. నల్లబల్ల మీది లెక్కనే పరీక్షలో నిచ్చినయెడల పిల్లవానికి గణితము వచ్చునో, కంఠపాఠము వచ్చునో తెలియదు. మఱి అర్ధసంవత్సర పరీక్ష యేల చాలదందురా? దాని మార్కులను జూచియే గదా మనము పాఠమును మార్చితిమి, పైకి బంపవలసిన పిల్లలను ఏరితిమి! ఏరుటకు వాడుకొనిన పరీక్ష యోగ్యతను దెలుపు శక్తిని కొంత కోల్పోవును. వినుటకు చిన్న మాట. దీనిని గ్రహించుటకు చాల కాలము పట్టెను. గ్రహించిన పిమ్మటను పాటించుట మిగుల కష్టమయ్యెను.

మన పూర్వులనుండి మొదలుపెట్టుదును. క్రీస్తుశకము 6వ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘముల గర్భలక్షణములను గూర్చి యొక యధ్యాయము వ్రాసెను. ఆకాశమున గర్భచిహ్నములు గనుపించిన నాటినుండి 195 దినములకు వాన ప్రసవమగునని యాయన సిద్ధాంతము. మాఘశుక్లమున నిలిచిన గర్భము శ్రావణకృష్ణమున, చైత్రకృష్ణమున నిలిచినది కార్తికశుక్లమున వర్షించునట. నెల్లూరివారికి కావలసినది ఈ చివరిది. అంతేగాదు, మూరెడు వెడల్పు గల పాత్రలో వాననీటిని బట్టి, ఏబది పలములకు నొక యాఢకము చొప్పున గొలువవలెననియు నాయన చెప్పియున్నాడు. జోస్యమునకు గడువు, వర్షమునకు కొలత, రెండును ఏర్పడి యున్నవి. పరీక్షకు కావలసిన సామగ్రిలో ముక్కాలు వంతు సిద్ధమైనదన్నమాట! కొఱవడినదెల్ల ఫలించిన యేండ్లను, ఫలింపని యేండ్లను గూడ నొకే చిట్టాలో వ్రాసియుంచు నాచారము. ఉగాదినాడు పంచాంగశ్రవణమున ఆఢకములు చదువుచునే యుందుము. సంవత్సరాంతమున వానిని గొలిచి చూచినవారిని నేనెఱుగను. ఫలించిన యేడు నలుగురి నోట నిలుచును. తప్పిన యేడును ఎవరును దలపరు. ఇది పంచాంగకర్తల దోషమని నేననను. మనుష్యుని జ్ఞాపకమే యట్టిది.

ప్రభుత్వపు పద్ధతిలో వాన జోస్యము మన దేశమున కఱవు పుట్టించిన బిడ్డ. భారత వాతావరణ శాఖ 1875లో నేర్పడినది. మరుసటి యేటనే చెన్నపురి రాజధానిని పట్టిన ఘోరక్షామము 1878 వఱకు నిలిచెను. నెల్లూరు జిల్లాయు దానిలో నలిగినదే. మన తీరము వెంబడి బోవు కాలువకు నాటి చెన్నపురి గవర్నరైన బకింగుహాము ప్రభువు పేరు పెట్టుటయు, దానిలో నొక భాగమును కఱవు కూలితో త్రవ్వించుటయు నా కాలపు సంగతులే. కఱవును ముందుగా దెలిసికొనవలెనను తొందరలో, శాఖాధిపతియైన హెన్రీ బ్లాన్‌ఫర్డు హిమాలయముల మంచు అధికమైన యేట వాన తగ్గునని గమనించి, 1886లో మొదటిసారి పద్ధతిగా ఋతుపవన సూచన ప్రకటించెను. ఆయన తరువాత 1889లో వచ్చిన జాన్ ఎలియటు మంచుతోపాటు దేశమందలి యేప్రిలు మే నెలల స్థితులను, హిందూ మహాసముద్రము మీది గాలులను జేర్చి సూచనలను పెంచెను. 1899లో మంచి వాన యగునని చెప్పెను. ఆ యేడు దేశమునకు మహాకాటకము వచ్చెను. పత్రికలు దుమ్మెత్తిపోసినవి. పిదప కొన్నియేండ్లు ఆ సూచనలను ప్రజలకు జెప్పక ప్రభుత్వమువారు తమలో దామే రహస్యముగా నుంచుకొనిరి. పరీక్షలో తప్పినవాని మార్కుల పట్టికను దాచిపెట్టుట వంటిది.

1904లో ఆ పదవికి వచ్చిన గిల్బర్టు వాకరు వాతావరణ శాస్త్రజ్ఞుడు గాడు. కేంబ్రిడ్జిలో 1889వ సంవత్సరపు గణిత పరీక్షలలో ప్రథముడుగా నుత్తీర్ణుడైన పండితుడు. ఊహలకంటె నాయనకు లెక్కలమీద గుఱి. జావా, చిలీ, జాంజిబారు మొదలగు దూరదేశముల వాయుపీడనములను, వర్షములను దెప్పించి, వానికిని మన ఋతుపవనమునకును గల సహసంబంధమును మనదేశపు గుమాస్తాలచేత చేతిలెక్కలతో వందలకొలదిగా గట్టించెను. అట్లు గట్టుచుండగనే యాయనకొక శంక తోచెను. నా దృష్టిలో నా శంకయే యాయన చేసిన గొప్పపనులలో నొకటి. ఒక్క సంబంధమును మాత్రమే చూచినప్పుడు, అది కాకతాళీయముగా గట్టిగా గనుపడుటకు నూటికి అయిదు పాళ్లు మాత్రమే యవకాశమున్న దనుకొందము. అంత తక్కువ యవకాశము గనుక దానిని నమ్ముదుము. కాని వానతో నేమియు సంబంధము లేని యిరువది విషయములను వరుసగా జూచినచో, వానిలో నొకటైనను అట్లు గట్టిగా గనుపడుటకు నూటికి ఇంచుమించు 64 పాళ్లు అవకాశము కలదు. ఇరువదింటిని వెదకి మేలైన దానిని ఏరి తెచ్చి, "చూడుడు, ఎంత గట్టి సంబంధమో!" యనుట న్యాయము గాదు. ఎన్నింటిలోనుండి యేరితివో ముందు చెప్పవలెను. 1914లో వాకరు ప్రకటించిన వ్యాసమున ఈ సంగతిని గణితరూపమున నిరూపించి, ఏరితెచ్చిన సంబంధమునకు మఱింత కఠినమైన కొలమానము వాడవలెనని విధించెను. శిక్షణభాగమును, పరీక్షాభాగమును వేఱుపఱుపవలసిన యగత్యమునకు బీజమిక్కడ నున్నది.

అయినను వాకరుకు వేఱుపఱచుటకు తగినన్ని యేండ్లు లేవు. నలుబది యేబది సంవత్సరముల లెక్కలు చేత బెట్టుకొని అందులో సగమును అటుకమీద బెట్టుమన్నచో ఎవరికైనను మనసొప్పదు. దాచిన ప్రతి యేడును సూత్రమునకు నేర్పని యేడే. అందుచేత నాయన సూత్రములకు నిజమైన పరీక్ష 1924లో నాయన పదవి విడిచిన తరువాత కాలమే పెట్టెను. అమెరికాలో మాంట్‌గొమరీ యనువాడు 1940లో వాకరు కృషినంతయు సమీక్షించి యొక నివేదిక ప్రకటించెను. పిమ్మట మనదేశపు శాఖవారును మరల మరల లెక్కవేసి చూచిరి. సంబంధములు కొన్ని నిలిచినవి, ముఖ్యముగా పసిఫికు సముద్రపు పీడనముల యూగిసలాటకు సంబంధించినవి. పెక్కు మాత్రము క్రొత్త యేండ్లలో నీరసించినవి, కొన్ని తలక్రిందులైనవి. బ్రదికియుండగా వరుడు, పెండ్లి నాటికి వాతరోగి యన్నట్లు, సూత్రమును గట్టిన యేండ్లలో నున్న సొంపు దానిని వాడవలసిన యేండ్లలో నుండలేదు.

ఈ సొంపు తగ్గుదల వానలోనే గాదు, బడులలోను గనుపడినది. పిల్లల తెలివిని గొలుచు పరీక్షల లెక్కలలో లార్సను అను అమెరికా పండితుడు 1931లోనే ఒక గుంపు మీద గట్టిన సూత్రము మఱియొక గుంపు మీద సడలునని చూపెను. 1974లో ఇంగ్లండున మెర్విన్ స్టోను దీనికొక చక్కని యుపాయమును శాస్త్రీకరించెను. ఏండ్లు కొలదిగా నున్నచో ఒక్క యేటిని పక్కన బెట్టి తక్కిన వానితో సూత్రము గట్టి, ఆ యేటిని జెప్పించి చూడుము; మరల మఱియొక యేటిని పక్కన బెట్టుము; ఇట్లు అన్ని యేండ్లను వంతులవారీగా పరీక్షకు గూర్చుండబెట్టుము. కలిగినవాడు ఒక గదిని అతిథులకు విడుచును. లేనివాడు దినమున కొకరు చొప్పున వీధియరుగు మీద పడుకొని చోటు చేయును. ఇదియు నట్టిదే.

ఇక 1988. వసంత గోవారీకరును, సహచరులును 16 సూచకములతో గట్టిన సూత్రమును వాతావరణ శాఖ కైకొనెను. ఆ యేటినుండి 2001 వఱకు పదునాలుగేండ్లు వరుసగా ఋతుపవనము దేశము మొత్తముమీద నెన్నడును క్షామస్థితికి దిగలేదు. సూత్రము నట్లే చెప్పుచు వచ్చినది. దేశమునకు నమ్మకము గుదిరెను. నిదానించి చూడుడు: ఆ పదునాలుగేండ్లును పరీక్షయే గదా, ఆ యేండ్లు సూత్రము చూడనివే గదా యని మీరడుగవచ్చును. పరీక్షయే. కాని ప్రశ్నపత్రములో కఠినమైన ప్రశ్న యొక్కటియు లేదు. ఏటేట "ఈసారి వాన మామూలే" యని చెప్పు చిలుకజోస్యగాడును ఆ పరీక్షలో నెగ్గియుండును. కఠినప్రశ్న 2002లో వచ్చెను. సగటు వర్షములో నూటికి 101 పాళ్లు కురియునని సూచన. కురిసినది 81 పాళ్లు. జూలై నెలలో నైతే మామూలు వానలో సగమే. ఆ మాట నమ్మి విత్తనము చల్లిన మెట్టరైతు నష్టము ఏ పట్టికకును ఎక్కదు. మరుసటి యేడు 8 సూచకములతో నొకటి, 10 సూచకములతో నొకటి క్రొత్త సూత్రములు వచ్చినవి. 2004లో 100 పాళ్లని చెప్పగా, సుమారు 87 పాళ్లే కురిసెను. 2005లో సులోచనా గాడ్గిలు, రాజీవన్, నంజుండయ్యలు 1932 మొదలుగా వచ్చిన సూచనలనన్నింటిని వాస్తవముతో బోల్చి, ఏడు దశాబ్దులలో సూత్రములు ఎన్ని మాఱినను నేర్పు పెరుగలేదని నిర్మొగమాటముగా ప్రకటించిరి. అటువంటి చిట్టాను వ్రాసినవారికి నేను నమస్కరించుచున్నాను.

ఏల పెరుగలేదు? కారణములలో నొకదానిని జగదీశ శుక్లా, డెల్‌సోలు అను నిద్దఱు 2009లో నొక విచిత్రమైన ప్రయోగముతో బయటపెట్టిరి. వారు వానతో నేమాత్రమును సంబంధము లేని, లాటరీ వంటి యూరక పుట్టిన సంఖ్యల వరుసలను తీసికొనిరి. వానిలో జరిగిన యేండ్లతో కాకతాళీయముగా పొందు గుదిరిన వరుసలను ఏరిరి. ఏరిన తరువాత ఇందాక చెప్పిన వంతులవారీ పరీక్షను పెట్టిరి. ఆశ్చర్యము! ఆ యర్థరహితమైన సంఖ్యలు పరీక్షలో నెగ్గినవి. పరీక్షించిన యేడు ప్రతిసారియు పక్కన బెట్టబడియే యున్నది గదా; మఱి దొంగతన మెక్కడ జరిగినది? ఏరునప్పుడు జరిగినది. ఏ వరుసలు మంచివని యెంచిన క్షణమున అన్ని యేండ్లను చూచియే యెంచిరి. పిల్లవాని జేబులో చీటీ లేదు. కాని ఆ పరీక్షకు ఏ పిల్లవానిని పంపవలెనో నిర్ణయించిన పంతులు ప్రశ్నపత్రమును ముందే చూచినాడు. కావున దాచవలసినది ఏండ్ల అంకెలను మాత్రమే గాదు. ఆ యేండ్లను గూర్చిన మన యెఱుకనే దాచవలెను. నేర్పులేని విద్యార్థికంటె నేర్పుగల పరీక్షాధికారి చేయు ఈ మోసము కనిపెట్టుట కష్టము. పైగా చేయువానికే తాను చేయుచున్నట్లు తెలియదు.

ఇప్పుడు మన తీరమునకు వత్తము. ఇంతవఱకు జెప్పిన సూచనలన్నియు జూను మొదలు సెప్టెంబరు వఱకు దేశము మొత్తము మీద గురియు వానను గూర్చినవి. 2015లో పసిఫికు సముద్రము వేడెక్కి ఎల్ నినో యేర్పడెను. దేశమున ఋతుపవనము నూటికి 14 పాళ్లు తగ్గెను. అదే సంవత్సరము నవంబరులో నెల్లూరు జిల్లా వఱదలలో మునిగెను. ఇది యబ్బురము గాదు. దేశమునకు వానను దగ్గించు ఎల్ నినోయే దక్షిణపు తూర్పుతీరమున ఈశాన్యపు వానను బెంచు స్వభావము కలది. మరుసటి 2016లో ఈశాన్యపు వాన దక్షిణాదిన దారుణముగా దప్పినది. పంజాబు గోదుమ చేని మీద నేర్చిన సూత్రమును మొలగొలుకుల మళ్ల మీద పరీక్షింపక వాడినయెడల, తప్పుటే గాదు, సరిగా నెదురుదిక్కు చూపును. పరీక్షకై దాచిన యేండ్లు ఏ యూరి రైతునకు జవాబు చెప్పవలెనో ఆ యూరివి కావలెను, ఆ ఋతువువి కావలెను.

తుపానుల విషయమున నొక సూక్ష్మము గలదు. 1989 నవంబరులో కావలియొద్ద తీరము దాటిన తుపానును మన పెద్దవారు మఱువరు. 1927 నవంబరు నాటి నెల్లూరు తుపానును గూర్చి తాతలు చెప్పగా విన్నవారును గలరు. 1927నాటి దానికి ఉపగ్రహ చిత్రములు లేవు. నేటి తుపానులకు వేలకొలదిగా గలవు. 2016లోను, 2024లోను మన పులికాటు చెంగట నున్న శ్రీహరికోటనుండియే ఇన్సాట్-3డిఆర్, ఇన్సాట్-3డిఎస్ అను వాతావరణ ఉపగ్రహములు లేచిపోయినవి. ఆ చిత్రములను జూపి తుపాను బలమును జెప్పుటకు యంత్రమునకు నేర్పుచున్నారు. ఒక్క తుపానుకు అరగంట కొకటి చొప్పున వందల చిత్రములుండును. అన్ని తుపానుల చిత్రములను కలగలిపి చీట్లు తీసినట్లు మూడు భాగములకు పంచితిరా, పది గంటల చిత్రము శిక్షణలోను, పదిన్నర చిత్రము పరీక్షలోను పడును. రెండును కవలలే! యంత్రము కవలను గుర్తుపట్టి శతశాతము మార్కులు తెచ్చుకొనును. కావున చిత్రములను గాక తుపానులను పంచవలెను: ఒక తుపాను నఖశిఖపర్యంతము ఒకే భాగమున నుండవలెను. అట్లు చేసినప్పుడు మార్కులు దిగజాఱును. ఆ దిగజాఱిన మార్కులే నిజము.

కాలక్రమమును బట్టి పంచుట యిందుకే యుత్తమము. 2023లో డీప్‌మైండు సంస్థవారు ప్రకటించిన గ్రాఫ్‌కాస్టు అను యంత్రము లోకమంతటి వాతావరణమును పదిదినములు ముందుగా జెప్పును. దానిని తీర్చిదిద్దునప్పుడు 1979 మొదలు 2015 వఱకు గల లెక్కలతో శిక్షణ నిచ్చిరి. 2016, 2017 సంవత్సరములను సరిచూచుటకు వాడుకొనిరి. 2018 మొదలుగా గల యేండ్లను, యంత్రరూపము స్థిరపడు వఱకు ముట్టక, పరీక్షకు విడిచిరి. వాకరుకు లేని భాగ్యము వీరికి గలదు. దినమునకు పలుమారుల చొప్పున నలుబది యేండ్ల లెక్కలున్నవి గనుక రెండేండ్లు, నాలుగేండ్లు దాచినను బీదవారు గారు. ఏటి కొక్క సంఖ్యగా లెక్కించు ఋతుపవన జోస్యమునకు మాత్రము ఆ పాత బీదతనము నేటికిని దీరలేదు. 1871 మొదలుగా గట్టిన దేశవర్షపు వరుసలో నూటయేబది పైచిలుకు అంకెలే యున్నవి. ఏటి కొక్కటి కంటె నధికముగా దానికి జేర్చుట యెవరి తరము?

2025లో కేంద్ర వ్యవసాయశాఖ ఇటువంటి యంత్రముల సాయమున, నైరృతి ఋతుపవనము ఎప్పుడు ప్రారంభమగునో తెలుపు సందేశములను పదుమూడు రాష్ట్రములలో దాదాపు 3.8 కోట్లమంది రైతులకు చేతి ఫోనులకు బంపెను. మంచి పని. అయినను అవి జ్యేష్ఠాషాఢముల వానను గూర్చినవి. కార్తికపు వానను గూర్చి నెల్లూరునకు గూడ నట్టి సందేశము వచ్చు నాడు, దానిని తయారు చేసినవారు 2015ను, 2016ను ఏ భాగమున నుంచిరో యడుగుడు. మునిగిన యేడు, ఎండిన యేడు రెండును శిక్షణలోనే కలిసిపోయి, నడిమి యేండ్లు మాత్రమే పరీక్షకు మిగిలియున్నచో, మఱికొన్ని యేండ్లు ఆ సందేశము ప్రక్కన అసలు వానను గూడ మన చిట్టాలో మనమే వ్రాసికొనుచు బోవలసి యుండును.